దక్షిణం గోడ మీది ఫోటో

వరంగల్,
4 సెప్టెంబర్ 2025

చిరంజీవి తేజస్వికి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మన ఇంట్లో ఫోన్ అంటే మైకు. మీ చిన్నమ్మ దాన్ని స్పీకర్‌లో పెట్టి దుకాణం కౌంటర్ మీద నిలబెడుతుంది. నేను హలో అంటే చౌరస్తాలో ఆటోవాళ్లు కూడా హలో అంటారు. వాట్సాప్ సంగతి సరే సరి, నాకొచ్చిన మెసేజీలు ఆమే చదివి నాకు వినిపిస్తుంది. అందుకని పోస్టాఫీసుకు పోయాను. అక్కడ కూర్చున్న పిల్ల "ఆధార్ అప్‌డేటా అంకుల్?" అంది. కవరు కావాలంటే నన్ను వింతగా చూసింది.

అసలు సంగతి. పోయిన నెల మన ఫ్రేముల దుకాణంలో నువ్వు తీసిన సినిమాలో, చివర నేను ఏడ్చే ముక్క తీసెయ్యి.

కథను నేనేమీ అనను. ఊళ్లో అందరి ఫోటోలకూ ఫ్రేములు కట్టే ముసలాయన, భార్య పోతే ఆమె ఫోటోకు తనే ఫ్రేము కట్టి దండ వేస్తాడు. రోజూ చేసే పనే కదా, ఇందులో నటనేముంది అని ఒప్పుకున్నాను. కానీ ఏడుపు నీ స్క్రిప్టులో లేదు. "చిన్నాయనా, నువ్వు ఉత్తగ నిలబడు, ఏం జెయ్యకు" అన్నది నువ్వే. వార్నిష్ ఘాటుకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. దానికి మీ గుంపంతా చప్పట్లు కొట్టారు. పైగా నా ముక్కు అందులో కాకరకాయలా ఉంది. తీసెయ్యి.

నిన్న నర్సంపేట నుంచి ఒకాయన వచ్చి, తండ్రి ఫోటో పెద్దది చేసి కట్టాలని ఆధార్ కార్డు ఇచ్చాడు. "జర నవ్వినట్టు చెయ్యరాదుండ్రి" అన్నాడు. ఆధార్‌లో నవ్వినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

మీ చిన్నమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని హనుమకొండ డాక్టరమ్మ చెప్పింది కదా, దీపావళి పోయాక ఆపరేషన్ అన్నారు. చిన్నదేనట. ఆ సంగతి ఎక్కువ రాయను. కొన్ని మాటలు కాగితం మీద పెట్టొద్దని మా నాయన అనేవాడు.

జవాబు దుకాణం అడ్రసుకు రాయి. ఇంటికి రాయకు.

ఆశీస్సులతో, మీ చిన్నాయన
చంద్రమౌళి

మరిచిపోకు. ఏడుపు తీసెయ్యి.

హైదరాబాదు,
13 సెప్టెంబర్ 2025

చిన్నాయనా,

నీ ఉత్తరం మా హాస్టల్లో మ్యూజియం వస్తువైపోయింది. నా రూమ్మేట్ పూజ అయితే స్టాంపును వేలితో తడిమి, "ఇది నాలికతో అంటిస్తరా నిజంగ?" అని అడిగింది.

ఏడుపు తీయడం కుదరదు. సినిమా మొత్తానికి నిలబడింది అదొక్కటే. మొదటిసారి కూర్చిన రఫ్ కట్ చూసి, మాకు సినిమా పాఠాలు చెప్పే రమాకాంత్ సార్ కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవడమంటే మామూలు విషయం కాదు, పోయినసారి ఫైర్ అలారం మోగినా లేవలేదు.

కానీ ఒక చిక్కుంది. సినిమాకు నలభై మార్కులే. మిగతా అరవై, ఆ సినిమాకు కథన సిద్ధాంతాలు, మనస్తత్వ సిద్ధాంతాలు అన్వయించి రాసే వ్యాసానికి. "సినిమా ఎవడైనా తీస్తడు. ఎందుకు తీసిండో చెప్పగలిగినోడే డైరెక్టర్" అంటాడు సార్. ఎందుకు తీశానంటే, సెమిస్టర్ అయిపోతోందని తీశాను. అది రాస్తే సున్నా వస్తుంది.

కాబట్టి ఇప్పుడు నువ్వు హీరోవి. ప్రతి హీరోకూ ఒక ప్రయాణం ఉండాలట. మామూలు లోకం వదిలి, గడప దాటి, గుహలోకి పోయి, అమృతంతో తిరిగి రావాలి. నువ్వు సినిమా అంతా దుకాణంలోనే ఉన్నావు. స్టూలు మీంచి లేచి దక్షిణం గోడ దాకా నడిచావు, అంతే. అదే ప్రయాణమని రాశాను. హీరోకు దారి చూపే గురువెవరని సార్ అడిగాడు. ఏం తోచక సుత్తె అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, "వెరీ గుడ్" అన్నాడు. మా క్లాసు అనిల్ ఏమో మేకులు కొట్టడానికి ఇంకో అర్థం చెప్పాడు. అది నీకు రాయలేను, చిన్నాయనవి.

నువ్వు ఏడుపు తీసెయ్యమన్నావని, వార్నిష్ అన్నావని సార్‌కు చెప్పాను. ఆయన ఆనందం చూడాలి! దాన్ని ప్రతిఘటన అంటారట. మనసు అడుగున దాచింది పైకి తేలుతుంటే మనిషి కాదు కాదంటాడట. కాదంటే అదే రుజువు. "మరి అవునంటే సార్?" అన్నాను. "అది కూడా రుజువే" అన్నాడు. ఇంత లాభసాటి బేరం మన చౌరస్తాలో కూడా లేదు.

సార్ లెక్క ప్రకారం నీ అచేతనంలో పోగొట్టుకున్న స్త్రీ ఒకామె ఉంది. ఆమె కోసమే ఏడ్చావట. ఏమనుకోకు, వ్యాసానికి కావాలి: పెళ్లికి ముందు ఎవరైనా ఉన్నారా?

నవంబర్ ఎనిమిదిన కాలేజీలో అందరి సినిమాలూ వేస్తారు. ఈలోగా దసరాకు మన ఫ్యామిలీ గ్రూపులో పెడతాను. చిన్నమ్మ తన దుకాణాన్ని తెరమీద చూసుకుని మురిసిపోతుంది.

నీ హీరోయిక్ చిన్నాయనతనానికి దండాలతో,
తేజస్వి

వరంగల్,
22 సెప్టెంబర్ 2025

చిరంజీవి తేజస్వికి,

నీ సారును ఒకసారి మన దుకాణానికి తీసుకురా. ఆయన తలకు ఫ్రేము కడతాను. బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడం విన్నాను కానీ, దానికి అరవై మార్కులిస్తారని ఇప్పుడే తెలిసింది.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఒక్కణ్ణే ఉన్నాను అనుకున్నాను. రెండో పేజీలో ఉండగా వెనక నుంచి మీ చిన్నమ్మ, "పోరి ఏం రాసింది? జర మాకు గూడ సదువు" అంది. చదవక తప్పలేదు. సుత్తె దాకా బాగానే చదివాను, ఆమె నవ్వింది కూడా. మేకుల సంగతి దాటేశాను. అదే ఊపులో "అచేతనంలో పోగొట్టుకున్న స్త్రీ ఒకామె" దాకా చదివి సడెన్ బ్రేక్ వేశాను. ఆర్టీసీ బస్సు కూడా అట్లా ఆగదు.

"ఎందుకు ఆగినవ్?"

"అక్షరం తెలుస్తలేదు."

"ఎవలామె?"

అంతే. రెండు రోజులుగా పప్పులో ఉప్పు లేదు. అడిగితే "పోగొట్టుకున్నది పోగొట్టుకున్నట్టే ఉండాలె గదా" అంటుంది. నిన్న బతుకమ్మ పేరుస్తూ పక్కింటి సమ్మమ్మతో నాకు వినబడేలా, "ఆమె యాడున్నదో తెలిస్తే దవాఖానకు పోకముందే ఓసారి సూసొద్దునే" అంది. ఆ మాటకు సమ్మమ్మ నా వైపు చూసిన చూపు, దొంగను చూసే చూపు. నేనేమో గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, "నేనెవలనూ పోగొట్టుకోలే" అని అరిచాను. మీ సారు ఉంటే ఇదీ రుజువే అనేవాడు.

ఎవరూ లేరు తల్లీ. మా కాలంలో అమ్మాయి వైపు చూడాలంటే ముందు ఆమె అన్నలెంతమందో కనుక్కోవాలి.

ఇక నవ్వులాట పక్కన పెట్టి విను. ఆ సినిమాను గ్రూపులో పెట్టొద్దు. ఎవరికీ పంపొద్దు. ఏడుపు తీయడం కుదరదంటే, కనీసం ఆ గోడమీది ఫోటో కనబడకుండా చెయ్యి. మొహం తెలియకుండా చెరిపెయ్యి. మీ కంప్యూటర్లలో అన్నీ అవుతాయట కదా. దీపావళి లోపల అయిపోవాలి. ఎందుకని అడగకు. రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు.

నీకు దసరాకు సకినాలు పంపుతాం. ఉప్పు ఉంటుందో ఉండదో చెప్పలేను.

ఇట్లు, ఎవరినీ పోగొట్టుకోని
చంద్రమౌళి

హైదరాబాదు,
4 అక్టోబర్ 2025

చిన్నాయనా,

సకినాలు అందాయి. ఉప్పు ఉంది. అంటే చిన్నమ్మ కోపం నీ కంచం వరకే.

నీ మాట విన్నాను. గ్రూపులో పెట్టలేదు. ఫోటోలో మొహాన్ని మసక చేశాను. నువ్వు సరిగ్గా కనిపిస్తావు, నీ ఎదురుగా బంతిపూల దండ మధ్యలో ఒక మబ్బు ముక్క ఉంటుంది. నువ్వు మబ్బును చూసి ఏడుస్తుంటావు. పాడైపోయిందనుకుంటూనే సార్‌కు చూపించాను.

ఆయనకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, గంటసేపు ఆగలేదు. ఆ మసక "లేమి" అట. మనిషి జీవితమంతా ఆ మసక చుట్టూనే తిరుగుతుందట. ఫ్రేములో ఫ్రేము, అందులో శూన్యం! "ఎవలిచ్చిన్రు ఈ ఐడియా?" అన్నాడు. మా చిన్నాయన అన్నాను. "ఆయన పుట్టుకతోనే సిద్ధాంతకర్త" అన్నాడు. నీ పేరు వ్యాసంలో ఇట్లా ఎక్కింది, విను:

"మసకబారిన ప్రతిమ ఎదుట కథానాయకుని అశ్రుపాతం, ఆదిమ విరహంలో ఛిన్నమైన స్వీయత్వపు పునరేకీకరణ ప్రయత్నంగా గోచరిస్తున్నది."

నాకూ అర్థం కాలేదు. అందుకే తీసేయలేదు. అర్థం కాని వాక్యం ఒక్కోదానికి రెండు మార్కులని సీనియర్లు చెప్పారు.

ఇప్పుడు నెమ్మదిగా చదువు. పక్కన చిన్నమ్మ ఉంటే మడిచి జేబులో పెట్టుకో.

ఆ ఫోటో ఎక్కడిదని భానుచందర్‌ను అడిగాను. గుర్తున్నాడుగా, సెట్ సామాన్లు చూసుకున్న పొడుగు పిల్లాడు. షూటింగ్ రోజు ఖాళీ ఫ్రేముతోనే రిహార్సల్ చేశాం, ఫోటో ఆఖరి నిమిషంలో వాడు పెట్టాడు. ఏ పాత సామాన్ల దుకాణంలోనో కొన్నాడనుకున్నాను. వాడు నీళ్లు నమిలి నమిలి చెప్పాడు: "మీ చిన్నాయన సొరుగులో, పాత అట్టల కింద ఉండె. ఎట్ల దొరికిందో అడగకు, ఒట్టు పెట్టిన."

మసక చేయకముందటి కాపీ తెరిచి మళ్లీ చూశాను. రెండు జడలు, కనకాంబరాలు, బెదురు కళ్లు. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. మన చుట్టాల్లో నేనెరిగిన మనిషి కాదు. ఇన్నేళ్లు అట్టల కింద దాచుకున్నావు. దాన్ని చూసే ఏడ్చావు. మొహం చెరిపెయ్యమని బతిమాలావు. ఇంతకన్నా ఏం కావాలి? సార్ సిద్ధాంతం నిజమని మొదటిసారి నమ్మాను.

నేను నిన్ను తప్పుపట్టను. అందరికీ ఒక వయసు ఉంటుంది. చిన్నమ్మకు చచ్చినా చెప్పను. ఆమె పేరు మాత్రం చెప్పు, వ్యాసంలో రాయను, మనసులో ఉంచుకుంటాను.

నీ రహస్యాన్ని గౌరవించే,
తేజస్వి

వరంగల్,
9 అక్టోబర్ 2025

తేజస్వీ,

ఆమె పేరు సరస్వతి. మీ చిన్నమ్మ.

పిచ్చిదానా, ఆ రెండు జడల పిల్ల మీ చిన్నమ్మే. ఆమె చేతి ముద్దలు తిని పెరిగావు, బెదురు కళ్లు చూసి గుర్తుపట్టలేకపోయావా? నీ తప్పేముందిలే, నలభై ఏళ్ల కింద కేసముద్రం స్టూడియోలో దిగింది. అప్పుడు అద్దాలు లేవు, ఇప్పటి ఒళ్లూ లేదు. సంబంధం మాట్లాడేటప్పుడు మా ఇంటికి పంపిన ఫోటో అది. మా పెళ్లి రీలు ఫోటోగ్రాఫరు చేతిలోనే వెలుతురు తగిలి పాడైంది. వయసులో ఉన్న ఆమె ఫోటో నా దగ్గర అదొక్కటే.

మరి ఎందుకు ఫ్రేము కట్టలేదంటావు. మన దుకాణం నీకు తెలుసు. దేవుళ్లు తూర్పు గోడకు. పెళ్లిళ్లు, బారసాలలు ఉత్తరం గోడకు. పోయినవాళ్లు దక్షిణం గోడకు. పెళ్లి ఫోటోలో ఇద్దరుంటారు, బారసాల ఫోటోలో ముగ్గురుంటారు. మనిషి ఒక్కరే ఉన్న ఫోటోను మన జనం ఎప్పుడు తెచ్చి కట్టిస్తారో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆమె ఫోటో బల్లమీద పెట్టి అద్దం కొలుద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెయ్యి రాలేదు. అట్టల కింద పెట్టేశాను. ఆమె అక్కడ క్షేమంగా ఉన్నట్టు అనిపించేది. నవ్వితే నవ్వుకో.

ఇక ఆ రోజు సంగతి. ఫ్రేము కట్టేటప్పుడు బోర్లా పెట్టి వెనక నుంచి మేకులు కొడతాం కదా. మీ భాను బోర్లా పెట్టే ఇచ్చాడు. లోపల ఏముందో చూడకుండా అట్ట పెట్టాను, మేకులు కొట్టాను. నువ్వు "రోలింగ్" అన్నావు. తిప్పాను. పేపరుతో అద్దం తుడవబోయి చూస్తే, ఈమె. నా సొంత చేతులతో కట్టేశాను.

ఆపుదామనుకున్నాను. కానీ మీ కెమెరా గోడ పక్క నుంచి నన్ను చూస్తోంది, నా వెనకేమో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఆమె నిలబడి ఉంది. నేను ఆపితే ఏమైందని వస్తుంది, ఫోటో చూస్తుంది. డాక్టరమ్మ ఆపరేషన్ అన్నది ఆ ముందు వారమే. అందుకని గోడకు తగిలించాను, దండ కూడా వేశాను. ఆమెకు కనబడకుండా నా వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను. నిలబడటం ఎంత బాగుందో అని నువ్వు మెచ్చుకున్నావు. బతికున్న మనిషికి, తాళి కట్టిన చేత్తోనే దండ వేస్తే, రాయి అయితే ఏడవదు. నేను రాయిని కాదు.

నాకు భయంగా ఉంది బిడ్డా. ఇరవై తొమ్మిదిన ఆమెను లోపలికి తీసుకుపోతారు. చిన్న ఆపరేషనే అని అందరూ అంటారు. మన దక్షిణం గోడకు వచ్చినవాళ్లలో చిన్నదే అన్నవాళ్లు ఎందరో ఉన్నారు. చూడు, ఏ మాట రాయకూడదనుకున్నానో అదే రాయించావు. ఆ సినిమాలో ఆమె దండతో ఉన్నంతకాలం నాకు ముద్ద దిగదు. మసక కాదు, అసలు ఆ ముక్కే ఉండొద్దు. ఇరవై తొమ్మిది కంటే ముందు తుడిచెయ్యి.

నా సొరుగు వెతికినందుకు ఆ భాను చెవి మెలిపెడతానని చెప్పు. ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

చిన్నాయన

హైదరాబాదు,
14 అక్టోబర్ 2025

చిన్నాయనా,

నన్ను క్షమించు. చిన్నమ్మను గుర్తుపట్టలేకపోయినందుకు ఒకసారి, నీకు లేని ప్రేయసిని అంటగట్టినందుకు ఇంకోసారి. నీ ఉత్తరం చదివి బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను. బయట నుంచి పూజ తలుపు కొట్టి, "ఇది ఏ థియరీనే?" అంది. నోర్ముయ్యమన్నాను.

ఆ షాట్ తీసేశాను. ఒరిజినల్ కూడా నా దగ్గర ఉంచుకోలేదు. ఇప్పుడు సినిమా నువ్వు మేకులు కొట్టడంతో ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది.

సార్‌కు చూపించాను. "ముగింపేది?" అన్నాడు. లేదన్నాను. "వ్యాసం మొత్తం ముగింపు మీదనే రాసినవ్ గదా. ఉన్న వ్యాసానికి సరిపోయే సినిమా లేకుంటే ఫెయిల్ చేయాల్సొస్తది" అన్నాడు. ఎందుకు తీశావని చాలా అడిగాడు. ఇంటి విషయం సార్ అన్నాను. "ఇంటి విషయమంటేనే అచేతనం" అంటూ పెన్ను తీశాడు. దండం పెట్టి వచ్చేశాను. ఫెయిలైతే వచ్చే ఏడు ఇంకో సినిమా తీస్తాను. కుక్కపిల్ల మీద తీస్తాను. దానికి ఫోటో అక్కర్లేదు.

నువ్వు ముద్ద తిను. ఇరవై ఎనిమిది సాయంత్రానికి నేను వస్తానంటే నాన్న వద్దన్నాడు, పరీక్షలున్నాయని. అమ్మా నాన్నా నీతో ఉంటారు.

ఇంకొక్క మాట. భానుకు నీ తిట్లు అందజేశాను. వాడు, "నేను దొంగను కాను. ఒట్టు పెట్టిచ్చుకున్నోళ్లే చెప్పాలె" అని మొహం తిప్పుకున్నాడు. వాడి వెనక ఎవరున్నారో నాకు అర్థం కావడం లేదు.

చిన్నమ్మకు నా ముద్దులు. ఎందుకో చెప్పకు.

తేజస్వి

వరంగల్,
2 నవంబర్ 2025

చిరంజీవి తేజస్వికి,

ఆపరేషన్ బాగా జరిగిందని మీ నాన్న ఫోన్ చేసే ఉంటాడు. అసలు జరిగింది ఆయనకు తెలియదు. అది నేనే రాయాలి.

ఇరవై ఎనిమిది సాయంత్రం హనుమకొండ దవాఖానలో చేర్చాం. మీ అమ్మానాన్నలు టిఫిన్ కోసం కిందికి పోయారు. మేమిద్దరమే ఉన్నాం. నేను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాను. మీ చిన్నమ్మ దిండు కింద నుంచి ఫోన్ తీసి, "జర ఇటు రా, సినిమా సూద్దాం" అంది.

చూస్తే ఏముంది, నేనే! ఫ్రేము తిప్పుతున్నాను, తగిలిస్తున్నాను, దండ వేస్తున్నాను. మసకా లేదు, కోతా లేదు. మీ భాను సెప్టెంబర్ నెలలోనే ఆమెకు పంపాడట. ఆ ముక్క లేకుండా చేయాలని నేను నీకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తుంటే, ఆమె రోజూ వంటింట్లో పెట్టుకుని చూస్తోందట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టైంది నా బతుకు.

"నీకు తెల్వదు సరస్వతీ, అది ఆ పోరగాడు నా సొరుగుల వెతికి..." అన్నాను.

"ఆ పిలగాడు వెతకలే. నేనే తీసిచ్చిన" అంది.

ఎందుకిచ్చావని నేను అడగకముందే ఆమే చెప్పింది. ఆ చెప్పింది నేను రాస్తే సగం పోతుంది. ఆమెనే రాయమన్నాను, ఈ కాగితం కింది భాగం ఆమెకు వదిలాను. నేను మాత్రం ఆమెకు అన్నీ చెప్పేశాను. ఒంటరి ఫోటో ఎందుకు కట్టనో, మసక ఎందుకు చేయించానో, నువ్వు ఆ ముక్క ఎందుకు తీసేశావో, నీ మార్కులు ఎట్లా పోతున్నాయో. విని, "నచ్చక కట్టలేదనుకుంటి గదనయ్యా ఇన్నేండ్లు" అంది. మీ అమ్మానాన్నలు వచ్చేసరికి ఇద్దరం కళ్లు తుడుచుకుంటున్నాం. మీ అమ్మ డాక్టరమ్మ ఏమన్నదోనని హడలిపోయింది. వార్నిష్ అని చెప్పడానికి అక్కడ వార్నిష్ కూడా లేదు.

పొద్దున లోపలికి తీసుకుపోయేటప్పుడు నేను స్ట్రెచర్ పట్టుకుని నడుస్తుంటే, "ఫికర్ జెయ్యకు. బతికుండంగ దండ పడ్డోళ్లకు ఆయుష్షు పెరుగుతది. ఉన్న గండం నీ సిన్మాలనే పోయింది" అంది. ఆ మాట మా అమ్మ కూడా అనేది. బతికున్నవాళ్లు పోయారని అబద్ధపు కబురొస్తే నూరేళ్లని. రోజూ ఇదే వ్యాపారం చేసేవాణ్ణి, నాకెందుకు తట్టలేదో!

ఇప్పుడు బాగుంది. ఇడ్లీలో ఉప్పు లేదని నర్సుతో కొట్లాడుతోంది. కుట్లు ఆరాక స్టూడియోకు పోయి ఇద్దరం కలిసి ఫోటో దిగుతాం. టేకు చెక్క ఫ్రేము ఇప్పుడే కోసి పెట్టాను. ఉత్తరం గోడకు మేకు కూడా కొట్టాను.

భాను చెవి మెలిపెట్టనని చెప్పు. వాడికి సకినాలు పంపుతాను.

చిన్నాయన, చంద్రమౌళి

తేజూ,

నేను మీ చిన్నమ్మను. పండుకొని రాస్తాన, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

ఆ భాను పిలగాడు ఫోన్ల ఎవలో ఒకామె బొమ్మ సూపిచ్చి, "ఆంటీ, అంకుల్ భార్య సచ్చిపోయినట్టు ఈమె ఫోటో పెడుతున్నం" అన్నడు. ఎర్రగ, బుర్రగ, మంచిగున్నది. నాకు మండింది. నా దుకాణంల, నా మొగని పెండ్లాం అని ఇంకొకామె ఫోటో ఎట్ల పెడతరు? సచ్చినా బతికినా అది నా జాగ. ఆయన సొరుగు నేను ఎన్నిసార్లు దులిపిననో, ఆ ఫోటో యాడున్నదో నాకు ఎర్కనే. తీసిచ్చిన. నా పేరు చెప్తే ఊకోనని ఒట్టు పెట్టిచ్చుకున్న.

నీకు దాపరికమెందుకు, ఇంకో సంగతి గూడ ఉండె. ఊరందరి ఫోటోలు కట్టిండు, నాది కట్టలే. ఒక్కనాడు మంచిగున్నవని అనలే. దవాఖాన మాట ఇన్నంక మనసుల ఒకటే పురుగు. రేపు నేను పోతే ఈ మనిషి ఏడుస్తడా, లేకుంటే అద్దం తుడిచి తగిలిచ్చి దుకాణం తెరుస్తడా? సచ్చినంక సూడరాదు గదా. అందుకే టీ పళ్లెం పట్టుకొని ఆడనే నిలబడ్డ. వీపు అడ్డం పెట్టిండు గని, మీరు షూటింగ్ సూసే చిన్న టీవీల ఆయన మొఖం నాకు మంచిగనే కనబడ్డది. ఆ ఏడుపు సూసినంక దవాఖానకు పోవుడు నాకు బుగులు కాలే. పోగొట్టుకున్నామె అని ఉప్పు లేకుంట పప్పు పెట్టింది ఉత్త పరాష్కం. ఎవల కోసం ఏడ్చిండో నాకు తెల్వదా?

నువ్వు తీసేసిన ముక్కను భానుకు చెప్పి పంపిస్తాన. మళ్ల అతికియ్యి. ఎనిమిది తారీఖు అందరి ముంగట వెయ్యి. నేను రాలేను గని మీ చిన్నాయనను ముందు వరుసల కూసోబెట్టు. మీ సారును అడిగిన్నని చెప్పు. ఆయన రాయమన్నది రాసి మార్కులు తెచ్చుకో, నాకేం రంది లేదు.

ఒక్కటి మాత్రం ఇను. ఆ మసక మళ్ల పెట్టకు. గంతమంది సూస్తరు, ఎవల కోసం ఏడుస్తాండో తెల్వాలె గద.

చిన్నమ్మ